అప్పు చేసి గోల్ కొట్టొచ్చా?

మా హాస్టల్‌లో గొడవలు రెండు రకాలు. మెస్‌లో పప్పు గురించి ఒకటి, ఫుట్‌బాల్ గురించి ఇంకొకటి. మొదటిది పది నిమిషాల్లో ఆరిపోతుంది. రెండోది మాత్రం మిడ్ ఎగ్జామ్స్ దాకా సాగుతుంది.

పోయిన సెమ్‌లో ఒక శనివారం రాత్రి మ్యాచ్ అయిపోయాక మా రూమ్‌లో ఇలాంటి గొడవే మొదలైంది. నేను ఆర్సెనల్. నా రూమ్మేట్ మాంచెస్టర్ సిటీ. పక్క రూమ్ జూనియర్ న్యూకాసిల్. ఆ క్లబ్ వాడికెలా పట్టుకుందో ఇప్పటికీ చెప్పడు. రూమ్మేట్ కప్పుల లెక్క మొదలుపెట్టగానే నేను నా పాత అస్త్రం తీశాను: "ముందు మీ క్లబ్ మీదున్న 115 అభియోగాల సంగతి చూసుకోండి మామా, తర్వాత కప్పులు లెక్కపెడుదువు గానీ." వాడు ఊరుకోలేదు. "డబ్బున్నోడు ఖర్చు పెడతాడు, నీకెందుకు ఏడుపు?" అన్నాడు. నేను న్యాయం అన్నాను, ఫెయిర్‌నెస్ అన్నాను, కాస్త గొంతు కూడా పెంచాను.

అప్పటిదాకా మ్యాగీ తింటూ కూర్చున్న జూనియర్ మెల్లగా అన్నాడు: "అన్నా, నీ క్లబ్‌కి అరవై వేల సీట్ల స్టేడియం ఉంది, ప్రపంచమంతా ఫ్యాన్స్ ఉన్నారు. సంపాదించినంతే ఖర్చు పెట్టమనే రూల్ నీకు న్యాయంగానే ఉంటుంది. ఇప్పటిదాకా సంపాదన లేనోడు పైకెట్లా రావాలి?"

నా దగ్గర జవాబు లేదు. "నువ్వు పడుకో పోరా, రేపు ల్యాబ్ ఉంది" అని సీనియారిటీ వాడి తప్పించుకున్నాను. కానీ ఆ ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు. తర్వాత రెండు వారాలు చదవాల్సిన సబ్జెక్టులు పక్కన పెట్టి ఈ రూల్సే చదివాను. నాకు అర్థమైంది అర్థమైనట్టు ఇక్కడ రాస్తున్నాను. ఫుట్‌బాల్ చూడనివాళ్ళు కూడా చదవొచ్చు, ఆఫ్‌సైడ్ గురించి ఒక్క ముక్క కూడా ఉండదు.

అసలు రూల్ ఏమంటుంది?

ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్‌లో ఇన్నేళ్ళ గొడవంతా పీఎస్ఆర్ అనే నిబంధన చుట్టూ తిరిగింది. ప్రాఫిటబిలిటీ అండ్ సస్టెయినబిలిటీ రూల్స్ అని పూర్తి పేరు. 2013-14 సీజన్ నుంచి ఉంది. సారాంశం ఒక్క వాక్యంలో చెప్పొచ్చు: వరుసగా మూడు సీజన్లలో ఒక క్లబ్ మొత్తం నష్టం 10.5 కోట్ల పౌండ్లు దాటకూడదు. అంటే సీజన్‌కి 3.5 కోట్లు.

ఇందులో రెండు మెలికలున్నాయి. ఆ 10.5 కోట్లలో 1.5 కోట్లు దాటిన నష్టాన్ని యజమాని తన జేబులోంచి నిజంగా డబ్బు తెచ్చి పూడ్చాలి, క్లబ్ నెత్తిన అప్పుగా రాస్తే చెల్లదు. రెండోది, క్లబ్ ఆ మూడేళ్ళలో ఏదైనా సీజన్ కింది డివిజన్‌లో ఆడుంటే, ఆ సీజన్‌కి 3.5 కోట్లకి బదులు 1.3 కోట్లే లెక్క. కొత్తగా పైకొచ్చిన టీమ్‌కి పరిమితి ఇంకా చిన్నదవుతుందన్నమాట. ఈ రెండో మెలిక గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

కుర్రాళ్ళ అకాడమీ, మహిళల జట్టు, ఊరి కోసం చేసే పనులు, స్టేడియం కట్టడం లాంటి ఖర్చులు నష్టంలో కలపరు. మంచి పనులకి పెట్టిన డబ్బుకి శిక్ష వెయ్యకూడదని ఉద్దేశం.

రూల్ ఎందుకు పుట్టింది?

నేను ఇన్నాళ్ళూ ఈ రూల్స్ పెద్ద క్లబ్‌ల దూకుడు ఆపడానికే వచ్చాయనుకున్నాను. చరిత్ర చూస్తే అసలు భయం వేరే.

పోర్ట్స్‌మత్ అనే క్లబ్ 2008లో ఎఫ్ఏ కప్ గెలిచింది. స్తోమతకి మించిన జీతాలిచ్చి మంచి ఆటగాళ్ళని తెచ్చుకుంది. రెండేళ్ళు తిరక్కుండానే, 2010 ఫిబ్రవరిలో, అప్పులు కట్టలేక అడ్మినిస్ట్రేషన్‌లోకి వెళ్ళింది. ప్రీమియర్ లీగ్‌లో ఆడుతూ ఆ స్థితికి చేరిన మొదటి క్లబ్ అదే. 9 పాయింట్లు కోశారు, కింది డివిజన్‌కి పడింది, పడుతూ పడుతూ 2013కల్లా నాలుగో డివిజన్‌కి చేరింది. చివరికి అభిమానులే తలా ఇంత వేసుకుని క్లబ్‌ని కొనుక్కుని బతికించుకున్నారు.

లీడ్స్ యునైటెడ్ 2001లో చాంపియన్స్ లీగ్ సెమీఫైనల్ ఆడింది. ఏటా ఆ టోర్నీకి వెళ్తామన్న ధీమాతో అప్పులు తెచ్చి జట్టు కట్టుకుంది. వెళ్ళలేకపోయింది. 2004లో ప్రీమియర్ లీగ్ నుంచి, 2007లో రెండో డివిజన్ నుంచి కూడా కిందికి దిగిపోయింది. మన ఊళ్ళల్లో పత్తి రేటు పెరుగుతుందని ముందే ట్రాక్టర్ కొన్నవాడి కథే ఇది.

అందరికంటే బరీ కథ నన్ను ఎక్కువ బాధపెట్టింది. 1885లో పుట్టిన చిన్న ఊరి క్లబ్. 2019 ఆగస్టులో, డబ్బుల్లేక, కొనేవాళ్ళు దొరక్క, లీగ్ నుంచే బహిష్కరణ అయింది. తాతలు కూర్చున్న సీట్లలో మనవలు కూర్చునే క్లబ్ అది. శనివారం మధ్యాహ్నం వాళ్ళకి వెళ్ళడానికి చోటు లేకుండా పోయింది.

కాబట్టి ఈ రూల్ పుట్టుకలో 'అందరూ సమానం' అన్న మాట లేదు. 'ఎవరూ మునగకూడదు' అన్న మాటే ఉంది. నేను ఆ రాత్రి పెంచిన గొంతు సగం ఇక్కడే తగ్గింది.

మెఫా మళ్ళీ తెరిస్తే

మనందరం సెమ్ పాసవడానికి చదివి వదిలేసిన మెఫా గుర్తుందా? అందులో డిప్రిసియేషన్, స్ట్రెయిట్ లైన్ పద్ధతి ఉంటుంది. ఫుట్‌బాల్ మార్కెట్ అంతా ఆ ఒక్క లెక్క మీదే నడుస్తోందంటే నమ్మండి.

ఒక ఆటగాణ్ణి 5 కోట్లకి కొని అయిదేళ్ళ కాంట్రాక్ట్ ఇస్తే, క్లబ్ పుస్తకంలో ఆ ఏడాది ఖర్చు 5 కోట్లు కాదు, 1 కోటి. ఏడాదికో కోటి చొప్పున అయిదేళ్ళు రాస్తారు. మన లేత్ మెషీన్ విలువ ఏటా తగ్గించి రాసినట్టే. దీన్ని అమోర్టైజేషన్ అంటారు. అదే అమ్మేటప్పుడు మాత్రం వచ్చిన లాభమంతా ఆ ఏడాదిలోనే పడుతుంది. రెండేళ్ళ తర్వాత పుస్తకంలో వాడి విలువ 3 కోట్లు ఉంటుంది కాబట్టి, 4 కోట్లకి అమ్మితే, మనకి నష్టంలా కనిపించినా పుస్తకంలో 1 కోటి లాభం.

ఇది అర్థమయ్యాక చెల్సీ చేసింది అర్థమవుతుంది. 2023 జనవరిలో వాళ్ళు ఎంజో ఫెర్నాండెజ్‌ని దాదాపు 10.68 కోట్ల పౌండ్లకి కొని ఎనిమిదిన్నరేళ్ళ కాంట్రాక్ట్ ఇచ్చారు. అయిదేళ్ళ మీద పరిస్తే ఏడాదికి 2.14 కోట్లు పడేది, ఎనిమిదిన్నరేళ్ళ మీద పరిస్తే 1.26 కోట్లే. ఫోన్ ఈఎంఐ ఆరు నెలలకి బదులు పన్నెండు నెలలు పెట్టుకున్నట్టు. ఇది చూసి ముందు యూరప్ సంఘం యుయెఫా, తర్వాత 2023 డిసెంబర్‌లో ప్రీమియర్ లీగ్, ఎంత పొడుగు కాంట్రాక్ట్ ఇచ్చినా అయిదేళ్ళకి మించి పరచడానికి వీల్లేదన్నాయి. ఇంతకుముందు కొన్నవాటికి మాత్రం అది వర్తించలేదు.

ఇంకో విషయం అసలు బాధ. అకాడమీలో పెరిగిన కుర్రాణ్ణి ఎవరూ కొనలేదు కాబట్టి పుస్తకంలో వాడి విలువ సున్నా. వాణ్ణి 3.5 కోట్లకి అమ్మితే 3.5 కోట్లూ లాభమే. లెక్కల పుస్తకం దృష్టిలో, అమ్మడానికి అందరికంటే పనికొచ్చేవాడు సొంత ఊరి కుర్రాడే.

2024 జూన్‌లో న్యూకాసిల్‌కి లెక్క సరిచేసుకోవాల్సిన అవసరం పడింది. జూన్ 30తో లెక్కల ఏడాది ముగుస్తుంది. ఆ వారంలోనే ఎలియట్ ఆండర్సన్‌ని నాటింగ్‌హామ్ ఫారెస్ట్‌కి దాదాపు 3.5 కోట్లకి అమ్మేశారు. ఆ ప్రాంతంలోనే పుట్టి, ఎనిమిదేళ్ళప్పటి నుంచి ఆ అకాడమీలోనే పెరిగి, చిన్నప్పటి నుంచి ఆ క్లబ్ అభిమానే అయినవాడు. తర్వాతి ఏడాదే వాడు ఇంగ్లండ్ జట్టుకి ఆడాడు. మా జూనియర్ ఇది చెప్పేటప్పుడు ఇప్పటికీ మొహం పక్కకి తిప్పుకుంటాడు. "మా దగ్గర డబ్బు లేక అమ్మలేదన్నా, ఉన్న డబ్బు వాడనివ్వక అమ్మాం" అంటాడు.

అదే నెలలో ఆస్టన్ విల్లా, ఎవర్టన్, చెల్సీ కూడా కుర్రాళ్ళని ఒకరికొకరు అమ్ముకున్నాయి. విల్లా ఇరోయెగ్బునమ్‌ని ఎవర్టన్‌కి అమ్మింది, ఎవర్టన్ డాబిన్‌ని విల్లాకి అమ్మింది. పుస్తకంలో ఇద్దరికీ లాభం. రూల్ ప్రకారం తప్పేమీ లేదు. క్లబ్‌లు బతకాలని రాసిన రూల్, క్లబ్ తన పిల్లల్ని అమ్ముకునేలా చేస్తుందని రాసినవాళ్ళు ఊహించి ఉండరు.

అమ్మేది ఆటగాళ్ళనే కాదు. చెల్సీ తన స్టేడియం పక్కనున్న రెండు హోటళ్ళని తన సోదర కంపెనీకే 7.65 కోట్లకి అమ్మి ఆ డబ్బు ఆదాయంలో చూపించింది. ఎడమ జేబులోంచి కుడి జేబులోకి. ప్రీమియర్ లీగ్ ఒప్పుకుంది, యుయెఫా ఇలాంటి అమ్మకాల్ని లెక్కలోకి తీసుకోలేదు. 2025 జులైలో యుయెఫా తన రూల్స్ ప్రకారం చెల్సీకి 3.1 కోట్ల యూరోల జరిమానా వేసింది. ఒకే పుస్తకానికి ఇద్దరు ఎగ్జామినర్లు, రెండు మార్కులు.

శిక్ష ఎవరికి పడింది?

ఈ రూల్ కింద మొదట పాయింట్లు పోగొట్టుకుంది ఎవర్టన్. 2023 నవంబర్‌లో 10 పాయింట్లు కోశారు. పరిమితి దాటింది 1.95 కోట్లు. తర్వాతి మ్యాచ్‌లో అభిమానులు స్టేడియం అంతా గులాబీ రంగు కార్డులెత్తి లీగ్ అవినీతిదని నిరసన చెప్పారు. అప్పీల్‌లో 10 కాస్తా 6 అయింది. ఏప్రిల్‌లో ఇంకో లెక్కకి ఇంకో 2 పోయాయి. ఒకే సీజన్‌లో మొత్తం 8. అయినా కిందికి పడకుండా నిలబడ్డారు.

ఫారెస్ట్ కథలో మన రెండో మెలిక వస్తుంది. 2022లో పైకొచ్చిన జట్టు కాబట్టి వాళ్ళ పరిమితి 10.5 కోట్లు కాదు, 6.1 కోట్లే. దాన్ని 3.45 కోట్లు దాటారు. వాళ్ళ వాదన ఏమిటంటే, బ్రెనన్ జాన్సన్ అనే ఆటగాణ్ణి జూన్ 30 లోపు అమ్మేసుంటే ఎంతో తక్కువ వచ్చేది, ఆగి సెప్టెంబర్ 1న అమ్మితే 4.75 కోట్లొచ్చాయి, క్లబ్ ఆరోగ్యానికి ఏది మంచిది మీరే చెప్పండి అని. ఆర్థికంగా చూస్తే వాళ్ళు చేసింది తెలివైన పనే. కానీ గడువు గడువే అంది కమిషన్. 2024 మార్చిలో 4 పాయింట్లు పోయాయి. గడువు దాటి అసైన్‌మెంట్ ఇచ్చినా, "కానీ సార్, బాగా రాశాను" అన్నవాడి పరిస్థితి.

ఇప్పుడు నా రూమ్మేట్ క్లబ్. 2023 ఫిబ్రవరిలో ప్రీమియర్ లీగ్ సిటీ మీద 115 అభియోగాలు మోపింది. 2009 నుంచి మొదలయ్యే సీజన్లలో లెక్కలు సరిగ్గా చూపించలేదన్నది వాటిలో ప్రధానం. క్లబ్ అన్నీ కొట్టిపారేసింది. విచారణ 2024 సెప్టెంబర్ నుంచి డిసెంబర్ దాకా జరిగింది. ఆ తర్వాత ఏడాది గడిచినా తీర్పు రాలేదు. అభియోగం నేరం కాదు, ఆ మాట ఇప్పుడు ఒప్పుకుంటాను. రూమ్మేట్ ఇది చదువుతాడని తెలిసే రాస్తున్నాను. కానీ లెక్కలు ఒప్పుకున్న ఎవర్టన్, ఫారెస్ట్‌లకి నెలల్లో శిక్ష, అన్నిటినీ ఎదిరించి లాయర్లని దించగలిగిన క్లబ్‌కి ఏళ్ళ తరబడి విచారణ అంటే, చిన్నవాడికి ఏమనిపిస్తుంది? రూల్ మీద నమ్మకం శిక్ష ఎంత పెద్దదన్న దాన్నిబట్టి రాదు, అందరికీ ఒకే వేగంతో వస్తుందా అన్నదాన్నిబట్టి వస్తుంది.

జూనియర్ ప్రశ్న

ఇప్పుడు అసలు ప్రశ్నకొద్దాం. సంపాదనని బట్టి ఖర్చు అన్నప్పుడు, ఎక్కువ సంపాదించేవాడు ఎక్కువ ఖర్చు పెడతాడు. ఎక్కువ ఖర్చు పెట్టినవాడు ఎక్కువ గెలుస్తాడు. గెలిచినవాడు చాంపియన్స్ లీగ్‌కి వెళ్తాడు, అక్కడ ఇంకా సంపాదిస్తాడు. కంట్రోల్ సిస్టమ్స్ చదివినవాళ్ళకి దీని పేరు తెలుసు: పాజిటివ్ ఫీడ్‌బ్యాక్. బయటి నుంచి ఏదో ఒకటి తగిలితే తప్ప ఈ చక్రం తనంతట తాను ఆగదు.

ఒకప్పుడు ఆ తగిలేది యజమాని డబ్బే. 1995లో బ్లాక్‌బర్న్ లీగ్ గెలిచిందంటే ఉక్కు వ్యాపారి జాక్ వాకర్ డబ్బు వల్ల. 2003లో అబ్రమోవిచ్ కొనకపోతే చెల్సీ ఇప్పటి చెల్సీ కాదు. పైకెక్కేశాక నిచ్చెన తీసేశారన్నది న్యూకాసిల్ వాళ్ళ కోపం. 2021 అక్టోబర్‌లో సౌదీ ప్రభుత్వ నిధి వాళ్ళ క్లబ్‌లో 80 శాతం కొన్నది. ప్రపంచంలోనే పెద్ద జేబుల్లో ఒకటి. కానీ రూల్ ఆ జేబులో చెయ్యి పెట్టనివ్వదు.

మరి వదిలేస్తే పోలేదా? ఇక్కడే నేను చాలాసేపు ఆగాను. యజమాని ఇచ్చే డబ్బు అప్పు కాదు, కానుక అనుకుందాం. సమస్యేంటంటే, కానుక ఈ ఏడాది వస్తుంది, ఆటగాడి జీతం మాత్రం అయిదేళ్ళు ఇవ్వాలి. ఆ మధ్యలో యజమానికి మనసు మారినా, వ్యాపారం పోయినా, ప్రభుత్వాలు ఆస్తులు స్తంభింపజేసినా క్లబ్ గతేంటి? 2022లో యుక్రెయిన్ యుద్ధం మొదలవగానే అబ్రమోవిచ్ మీద బ్రిటన్ ఆంక్షలు పెట్టింది. చెల్సీ ఆ సీజన్ పూర్తి చెయ్యడానికే ప్రభుత్వం ఇచ్చిన ప్రత్యేక లైసెన్స్ కావాల్సొచ్చింది. అదే నెలలో ఎవర్టన్ తన రష్యన్ స్పాన్సర్ల ఒప్పందాలు ఆపేసుకోవాల్సొచ్చింది. ఒక్క మనిషి మీద నిలబడ్డ ఇల్లు ఎంత గట్టిదో ఆ నెలలో అందరూ చూశారు.

ఐపీఎల్‌లా పర్సు పెట్టేస్తే?

మా ఫ్లోర్‌లో క్రికెట్ బ్యాచ్ అడిగే ప్రశ్న ఇది. 2025 సీజన్ వేలంలో అందరికీ 120 కోట్ల రూపాయల పర్సే కదా, హైదరాబాద్‌కైనా ముంబైకైనా ఒకటే. ఫుట్‌బాల్‌కి అదెందుకు పెట్టరు?

కారణాలు రెండు. ఐపీఎల్ నుంచి ఎవరూ కిందికి పడరు. ఆఖరున నిలిచిన జట్టు కూడా మళ్ళీ ఏడాది అదే పర్సుతో వస్తుంది. ఇంగ్లండ్‌లో ఆఖరి మూడు జట్లు కింది డివిజన్‌కి పోతాయి, ఆదాయం అమాంతం పడిపోతుంది. ఆ భయంతోనే అందరూ స్తోమతకి మించి ఖర్చు పెడతారు. రెండో కారణం, ఐపీఎల్‌కి పోటీగా అంత డబ్బిచ్చే ఇంకో లీగ్ లేదు. ప్రీమియర్ లీగ్ ఒక్కటే పర్సు పెట్టుకుంటే ఆటగాళ్ళు స్పెయిన్‌కో సౌదీకో పోతారు.

స్పెయిన్ వేరే దారి పట్టింది. అక్కడ లీగ్, ప్రతి క్లబ్‌కీ దాని ఆదాయం, అప్పుల్ని బట్టి జట్టు ఖర్చు పరిమితి ముందే చెబుతుంది. నష్టపోయాక శిక్ష వెయ్యడం కాదు, నష్టపోకముందే రిజిస్ట్రేషన్ ఆపేస్తుంది. 2021 ఆగస్టులో మెస్సీ బార్సిలోనా వదిలి కన్నీళ్ళు పెట్టుకుంటూ వెళ్ళింది అందుకే. క్లబ్‌కి ఇష్టమే, మెస్సీకి ఇష్టమే, లెక్క కుదరలేదు. జర్మనీలో దాదాపు అన్ని క్లబ్‌లలోనూ ఓటు హక్కులో సగానికి పైన సభ్యుల చేతిలోనే ఉండాలి, దాన్ని 50+1 అంటారు. అక్కడ ఒక్క ధనవంతుడు క్లబ్‌ని ముంచడం కష్టం. అయితే అక్కడ బయెర్న్ మ్యూనిక్ 2013 నుంచి వరుసగా 11సార్లు లీగ్ గెలిచింది. భద్రత ఉంది, సమానత్వం లేదు.

2025 నవంబర్‌లో ప్రీమియర్ లీగ్ క్లబ్‌లు కూడా ఓటేసుకున్నాయి. 2026-27 నుంచి పీఎస్ఆర్ పోయి, జట్టు మీద ఖర్చు ఆదాయంలో 85 శాతం దాటకూడదన్న రూల్ వస్తుంది. దాంతోపాటు ఇంకో ప్రతిపాదన కూడా వచ్చింది: ఆఖరి క్లబ్‌కి వచ్చే టీవీ డబ్బుకి అయిదు రెట్లు మించి ఎవరూ ఖర్చు పెట్టకూడదని. నిజమైన సమానత్వం వైపు ఉన్న ఒకే ఒక్క అడుగు అది. దాన్ని మాత్రం ఓడించారు.

మన ఊరి కథ

ఇదంతా చదివి, 'సరే, సమానత్వమే ముఖ్యం, అందరికీ ఒకే పరిమితి పెట్టాలి' అని రాయబోతూ ఆగిపోయాను. ఎందుకంటే ఒకే పరిమితి ఉన్న లీగ్ మన దేశంలోనే ఉంది, అందులో మన ఊరి జట్టుకి ఏమైందో నాకు తెలుసు.

ఐఎస్ఎల్‌లో జీతాలకి అన్ని క్లబ్‌లకీ ఒకే పరిమితి పెట్టారు. పుణె క్లబ్ మూతపడ్డాక 2019లో దాని స్థానంలో హైదరాబాద్ ఎఫ్‌సీ వచ్చింది. 2022 మార్చిలో గోవాలో జరిగిన ఫైనల్లో కేరళ బ్లాస్టర్స్‌ని పెనాల్టీల్లో ఓడించి చాంపియన్ అయింది. ఆ రాత్రి నేను ఇంట్లో టీవీ ముందు అరిచిన అరుపుకి పక్కింటి ఆంటీ వచ్చి ఏమైందని అడిగింది. రహీమ్ సాబ్ పుట్టిన ఊరికి, 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదుసార్లు రోవర్స్ కప్ గెలిచిన సిటీ పోలీస్ జట్టు ఊరికి, మళ్ళీ ఒక పెద్ద కప్పు వచ్చింది కదా అని నా సంబరం. తర్వాతి సీజన్‌లో పట్టికలో రెండో స్థానం. ఆ తర్వాతి సీజన్, 2023-24లో, జీతాల బకాయిలు, ఆటగాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోవడం, సీజన్ మొత్తంలో ఒక్క గెలుపు, ఆఖరి స్థానం. యాజమాన్యం మారింది. 2025లో క్లబ్ ఢిల్లీకి తరలిపోయి, పేరు కూడా మారిపోయింది.

జీతాల పరిమితి అందరికీ సమానమే. కానీ ఆ పరిమితిలోపు జీతమైనా నెలనెలా ఇవ్వగలరా అన్నది వేరే ప్రశ్న. ఇక్కడే నాకు మొత్తం విషయం విడిపోయి కనిపించింది.

మనం 'ఫెయిర్‌నెస్' అన్న ఒక్క మాటతో రెండు వేర్వేరు ప్రశ్నలు అడుగుతున్నాం. ఒకటి: ఈ క్లబ్ వచ్చే ఏడాది ఉంటుందా? రెండోది: చిన్న క్లబ్ ఎప్పటికైనా గెలవగలదా? పీఎస్ఆర్ మొదటిదానికి జవాబు చెప్పబోయి రెండోదాన్ని ఇంకా కష్టం చేసింది. జీతాల పరిమితి రెండోదానికి జవాబు చెబుతుంది గానీ మొదటిదానికి చెప్పదు. రూమ్మేట్, జూనియర్, నేను ముగ్గురం ఒకరి ప్రశ్నకి ఇంకొకరి జవాబు చెప్పుకుంటూ అరుచుకున్నాం.

నన్నడిగితే మొదటి ప్రశ్నలో రాజీ ఉండకూడదు. జీతాలు, అప్పులు ముందు. యజమాని పైనుంచి డబ్బు పెడతానంటే పెట్టనివ్వాలి, కానీ మాట కాదు, ఆటగాడి కాంట్రాక్ట్ ఎన్నేళ్ళుంటే అన్నేళ్ళ జీతం ముందే లీగ్ దగ్గర డిపాజిట్ కట్టాలి. రేపు ఆయన వెళ్ళిపోయినా క్లబ్ మునగదు. అప్పుడు నిచ్చెన తీసెయ్యాల్సిన పనీ ఉండదు. అలా చేస్తే దేశాల ఖజానాలు పోటీపడి ధరలు ఆకాశానికెళ్తాయని మీరంటారు. నిజమే. అందుకే పైన ఒక గట్టి పరిమితి కూడా ఉండాలి, పెద్ద క్లబ్‌లు ఓడించిన ఆ అయిదు రెట్ల పరిమితి లాంటిది. అది వస్తే నా ఆర్సెనల్‌కి కూడా తగులుతుంది. తగలనీ.

ఇదంతా పోయిన వారం క్యాంటీన్‌లో జూనియర్‌కి చెప్పాను. వాడు టీ తాగుతూ మొత్తం విన్నాడు. "డిపాజిట్ బానే ఉందన్నా. కానీ ఆండర్సన్ మళ్ళీ రాడుగా?" అన్నాడు.

రాడు. దానికి నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు. టీ డబ్బులు మాత్రం నేనే ఇచ్చాను.